ఓడిపోయి వెళ్తూ రాసిన ఉత్తరం

శనివారం పొద్దున ఆరున్నరకి ఫ్రిస్కోలో కారు స్టార్ట్ చేశా. కాలేజ్ స్టేషన్ దాకా మూడున్నర గంటల డ్రైవ్. అక్కడ టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మా జూనియర్ ఒకడు మాస్టర్స్ చేస్తున్నాడు. "అన్నా, రెండేళ్ల నుంచి వస్తా వస్తా అంటున్నావ్, నా డిగ్రీ కూడా అయిపోతోంది" అని వాడి గోల. నిజం చెప్పాలంటే వాడి కోసం కాదు వెళ్ళింది. ఆ వారం ఆఫీసు నుంచి ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవాలనిపించింది.

బయటివాళ్ళకి చెబితే అదో పెద్ద విషయమే కాదు. మూడేళ్లుగా నేను చూస్తున్న మాడ్యూల్‌కి లీడ్‌గా ఇంకొకర్ని వేశారు. ఆ పోస్టుకి మేమిద్దరం ఇంటర్వ్యూకి వెళ్ళాం, ఆయనకి వచ్చింది. నన్ను వేరే ప్రాజెక్టుకి మార్చి, నాలుగు వారాల్లో ఆయనకి కేటీ ఇవ్వమన్నారు. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. మన బుర్రలో ఉన్నదంతా ఇంకొకరి బుర్రలోకి వంపేసి, నవ్వుతూ లేచి వెళ్ళిపోవాలి. నలభై పేజీల డాక్యుమెంట్ తయారుచేశా. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. అందులో ఒక్క విషయం మాత్రం రాయలేదు. అదేంటో తర్వాత చెప్తా.

ఐ-45 మీద దక్షిణంగా వెళ్తుంటే ఏప్రిల్ మొదట్లో రోడ్డుకి రెండు వైపులా బ్లూబానెట్లు పూస్తాయి. నేల మీద నీలం చీర ఆరేసినట్టుంటుంది. మ్యాడిసన్‌విల్‌లో బక్కీస్ దగ్గర ఆగి కాఫీ తాగి, అక్కడి నుంచి చిన్న హైవే పట్టుకుని బ్రయాన్ మీదుగా ఊళ్ళోకి దిగా. "హౌడీ!" అంది పార్కింగ్ దగ్గర ఎదురైన అమ్మాయి. ఆ యూనివర్సిటీలో అదే నమస్కారం. మొహమాటానికి నేనూ అన్నా. నా నోట్లో అది 'హావ్‌డీ' అయింది.

మా వాడు నన్ను ముందు లంచ్‌కి తీసుకెళ్తాడనుకున్నా. "దానికింకా టైముంది. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే ఉంది" అంటూ జార్జ్ బుష్ ప్రెసిడెన్షియల్ లైబ్రరీకి తీసుకెళ్ళాడు. ఇరాక్ మీద 2003లో యుద్ధానికి వెళ్ళిన బుష్ కాదు, ఆయన నాన్న. 1989 నుంచి 1993 దాకా అమెరికా అధ్యక్షుడు. లైబ్రరీ క్యాంపస్‌లోనే ఉంది, 1997 నవంబర్‌లో తెరిచారు. ముందు బెర్లిన్ గోడ శిథిలాల మీదుగా దూకుతున్న గుర్రాల పెద్ద శిల్పం. లోపల, రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన నడిపిన రకం అవెంజర్ విమానం. 1944 సెప్టెంబర్‌లో జపాన్ దీవుల దగ్గర ఆయన విమానాన్ని కూల్చేస్తే, సముద్రంలో పడి బతికాడు. అప్పటికి వయసు ఇరవై. ఇరవై ఏళ్లకి నేను బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసుకుంటున్నా.

ఇవన్నీ చూస్తూ వెళ్తే ఓవల్ ఆఫీస్ నమూనా గది వస్తుంది. దాదాపు అచ్చం వైట్‌హౌస్‌లో ఉన్నట్టే కట్టారు. ఇక్కడ బల్ల వెనక కూర్చుని ఫొటో కూడా దిగొచ్చు. మా వాడు కూర్చున్నాడు, నేను తీశా. తర్వాత నేను కూర్చున్నా. వెనక పిల్లలతో ఒక కుటుంబం లైన్లో నిలబడి ఉంది కాబట్టి ఎక్కువసేపు కాదు. ఆ కాసేపట్లోనే, ఎప్పుడో ఫోన్‌లో చదివిన ఒక ఉత్తరం గుర్తొచ్చింది. 1993 జనవరి 20న ఇలాంటి గదిలోనే ఆయన తన తర్వాత రాబోయే మనిషికి రాసి పెట్టి వెళ్ళిన ఉత్తరం.

సినిమాల్లో అమెరికా అధ్యక్షుడనగానే చూపించే చెక్కిన పెద్ద బల్ల పేరు రెజల్యూట్ డెస్క్. బుష్ దాన్ని కొన్ని నెలలే ఓవల్ ఆఫీసులో వాడాడు, తర్వాత ఇంటి భాగంలోకి మార్పించి వేరే బల్ల వేయించుకున్నాడు. క్లింటన్ వచ్చాక మళ్ళీ దాన్ని తెప్పించాడు. కాబట్టి 'రెజల్యూట్ డెస్క్ సొరుగులో బుష్ ఉత్తరం' అని ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి. చిన్న విషయమే కానీ, కోడ్ రివ్యూ అలవాటు పోదు కదా.

ఇంతకీ ఆ ఉత్తరం రాసేనాటికి ఆయన ఎలా ఉండి ఉంటాడు? 1991లో గల్ఫ్ యుద్ధం ముగిసినప్పుడు అమెరికాలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆయన పనితీరు బాగుందన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1992 నవంబర్ 3న, 370–168 ఎలక్టోరల్ ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఓడించినవాడు అర్కాన్సా గవర్నరు, వయసులో ఇరవై రెండేళ్లు చిన్న. ప్రచారం చివర్లో బుష్ విసుగెత్తి, ఈ ఇద్దరు బఫూన్ల కంటే మా కుక్క మిల్లీకే విదేశాంగ విషయాలు ఎక్కువ తెలుసనేదాకా వెళ్ళాడు. ఆ ఇద్దరూ క్లింటన్, అల్ గోర్. ఓడిపోయిన రెండు వారాలకి ఆయన తల్లి చనిపోయింది. పదవీ పోయె, అమ్మా పోయె. జనవరి 20 ఉదయం ఆ బుష్షే కూర్చుని ఆ క్లింటన్‌కే 'డియర్ బిల్' అని రాశాడు. చేత్తో, ఒక్క పేజీ.

మ్యూజియం వెనక చెరువు, దాని మీద చిన్న వంతెన, ఆ పక్కన చెట్ల మధ్య ఆయన సమాధి. భార్య బార్బరా, మూడేళ్ల వయసులో లుకేమియాతో చనిపోయిన కూతురు రాబిన్ కూడా అక్కడే. మా వాడికి ఏదో ల్యాబ్ కాల్ వస్తే పక్కకి వెళ్ళాడు. నేను చెరువు దగ్గర బెంచీ మీద కూర్చుని అమ్మకి వీడియో కాల్ చేశా. అక్కడ ఒంగోల్లో రాత్రి పదిన్నర. సీరియల్ అయిపోయింది కాబట్టి మాట్లాడే మూడ్‌లో ఉంది.

"ఎక్కడున్నావ్ రా? చెట్లు కనపడతన్నాయ్."

చెప్పా. ఉత్తరం సంగతి కూడా చెప్పా. "ఏం రాశాడంట?" అంది. ఫోన్‌లో ఉత్తరం ఫొటో తీసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టా.

ఈ గదిలోకి రాగానే నాలుగేళ్ల క్రితం కలిగిన ఆశ్చర్యమూ గౌరవమే ఇప్పుడూ కలిగాయన్నాడు. నీకు ఇక్కడ సంతోషం దక్కాలన్నాడు. కొందరు అధ్యక్షులు చెప్పిన ఒంటరితనం తనకెప్పుడూ తెలియలేదన్నాడు. కష్టకాలం వస్తుంది, అన్యాయమనిపించే విమర్శలు దాన్ని ఇంకా కష్టం చేస్తాయి. సలహాలివ్వడంలో నేను మొనగాణ్ణి కాదుగానీ, వాళ్ళ మాటలకి కుంగిపోకు, దారి తప్పకు అని—

"ఆగాగు," అంది అమ్మ. "అంత పెద్ద పదవిలోకి వచ్చినాయన్ని నువ్వు అంటాడా? మీరు అనాలి."

"ఇంగ్లీషులో రెండూ ఒకటేనమ్మా. ఈయనకి అరవై ఎనిమిది, ఆయనకి నలభై ఆరు."

"అయితే మాత్రం? కుర్చీకి వయసేంది?"

సరేనని మళ్ళీ మొదలుపెట్టా, ఈసారి 'మీరు'తో. తర్వాతి వాక్యం దగ్గర నేనే ఇరుక్కుపోయా. ఇది మీరు చదివే సమయానికి మీరు అవర్ ప్రెసిడెంట్ అయివుంటారు అన్నాడు. 'అవర్' అంటే మా ప్రెసిడెంటా, మన ప్రెసిడెంటా? ఇంగ్లీషువాడికి ఈ గొడవ లేదు, ఒకే మాట. తెలుగులో ఏదో ఒకటి తేల్చుకోవాలి. 'మా' అన్నా.

"మా అంటే ఎవరు? ఓడిపోయినోళ్ళకా?"

అమ్మ మామూలుగానే అడిగింది. నేనే కాసేపు ఏమీ మాట్లాడలేదు. అవును, అదే. మీకు ఓటెయ్యనివాళ్ళం, మీమీద పోటీచేసినవాళ్ళం, మాక్కూడా ఇక మీరే. ఆ తర్వాత, ఇప్పుడు మీ విజయమే దేశం విజయం అన్నచోట మాత్రం 'మన దేశం' అనక తప్పలేదు. మీరు గెలవాలని గట్టిగా కోరుకుంటున్నా, గుడ్‌లక్, జార్జ్. అంతే ఉత్తరం.

"మంచోడే," అని, "తిన్నావా?" అంది.

మంచోడేనా అంటే, అంత తేలిగ్గా చెప్పలేను. అదే అధికార మార్పిడి రోజుల్లో, 1992 క్రిస్మస్ ముందురోజు, ఇరాన్‌కి ఆయుధాలమ్మిన కుంభకోణంలో ఇరుక్కున్న మాజీ రక్షణమంత్రితో కలిపి ఆరుగురికి క్షమాభిక్ష పెట్టింది ఈయనే. దాని మీద పెద్ద దుమారం రేగింది. ఆ సంతకమూ ఈ ఉత్తరమూ నెల రోజుల లోపే ఒకే చేతి నుంచి వచ్చాయి. ఉత్తరం బాగుందని మనిషిని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. దేవుడైతే రాయడం కష్టం కూడా కాదు. కుక్క పేరు పెట్టి తిట్టిన మనిషి రాశాడు కాబట్టే నాకు నచ్చింది.

అమెరికాలో అధికారం చేతులు మారే పద్ధతికి 1963 నుంచి ప్రత్యేక చట్టముంది. కొత్తగా గెలిచినవాళ్ళకి ఆఫీసులు, డబ్బు, ఫైళ్ళు అన్నీ దాని ప్రకారం అందుతాయి. వాళ్ళ కేటీ డాక్యుమెంట్ అనుకోండి. బల్ల దగ్గర ఉత్తరం పెట్టమని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. అది 1989లో మొదలైంది. రీగన్ దిగిపోతూ, తన ఉపాధ్యక్షుడే అయిన బుష్‌కి కార్టూన్ నోట్‌ప్యాడ్ కాగితం మీద నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. బొమ్మలో ఏనుగు మీదికెక్కిన టర్కీ కోళ్ళు, పనికిమాలినవాళ్ళ వల్ల డీలాపడకు అని అర్థమొచ్చే ఒక లైను. మన గురువారం లంచ్‌లు మిస్సవుతా అని చివర్లో. అది స్నేహితుడికి స్నేహితుడు రాసుకున్నది, ఒకే పార్టీ. శత్రువుకి రాసిన మొదటిది నాలుగేళ్ల తర్వాత బుష్‌దే. రీగన్ దగ్గరే ఆగిపోయుంటే అదొక జోకుగా మిగిలేది. బుష్ రాశాక, తర్వాతివాళ్ళు రాయకుండా ఉండలేని పరిస్థితి వచ్చింది.

క్లింటన్ రెండో బుష్‌కి, ఆ బుష్ ఒబామాకి, ఒబామా ట్రంప్‌కి రాశారు. 2021లో ట్రంప్ ప్రమాణస్వీకారానికే రాకుండా వెళ్ళిపోయాడు, ఉత్తరం మాత్రం పెట్టాడు. చాలా ఉదారంగా రాశాడన్నాడు బైడెన్. 2025 జనవరి 20న ఓ విలేకరి గుర్తుచేస్తే, ట్రంప్ కెమెరాల ముందే సొరుగు లాగి, '47' అని రాసున్న బైడెన్ కవరు బయటికి తీశాడు. అలా అందరిముందూ తీస్తారని తెలిస్తే ఎవరైనా మనసులో మాట రాస్తారా? బుష్ ఉత్తరం 2016 ఎన్నికలప్పుడు వైరల్ అయింది. రాసినప్పుడు దాని పాఠకుడు ఒక్కడే. ఆ తేడా ముఖ్యమనుకుంటా.

అన్నట్టు, 2001లో క్లింటన్ మంచి ఉత్తరమే రాసిపెట్టినా, ఆయన సిబ్బందిలో కొందరు వైట్‌హౌస్ కీబోర్డుల నుంచి 'డబ్ల్యూ' కీలు పీకేసి వెళ్ళారు. జార్జ్ డబ్ల్యూ బుష్ కదా వచ్చేది! ప్రభుత్వ ఆడిట్ సంస్థ విచారణ జరిపి 2002లో నివేదిక కూడా ఇచ్చింది. నవ్వొచ్చింది చదివినప్పుడు. తర్వాత నా నలభై పేజీలు గుర్తొచ్చి నవ్వాగిపోయింది.

ఉత్తరాలు వికటించిన కథలూ ఉన్నాయి. 1932 నవంబర్‌లో హూవర్ మీద రూజ్వెల్ట్ గెలిచాడు. అప్పట్లో కొత్త అధ్యక్షుడు బాధ్యత తీసుకునేది మార్చి 4న. నాలుగు నెలల ఖాళీ. ఆలోగా బ్యాంకులు పేకమేడల్లా కూలిపోతున్నాయి. 1933 ఫిబ్రవరి 18న హూవర్ స్వయంగా చేత్తో ఉత్తరం రాసి, సీక్రెట్ సర్వీస్ మనిషి చేత న్యూయార్క్‌లో విందులో ఉన్న రూజ్వెల్ట్‌కి పంపాడు. జనానికి ధైర్యం కలగాలంటే మీరు ఒక ప్రకటన చెయ్యండి అని. ఆ ప్రకటనలో చెప్పమన్న విషయాలేమో హూవర్ విధానాలే. అంటే ఓడినాయన, గెలిచినాయన్ని తన మాటే చెప్పమంటున్నాడు! పైగా కవరు మీద రూజ్వెల్ట్ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. జవాబు చేరింది మార్చి 1న. రాసి వారమైందట, సెక్రెటరీ పొరపాటువల్ల ఆగిపోయిందట. నమ్మాలో వద్దో మీ ఇష్టం. మార్చి 4న ఇద్దరూ ఒకే కారులో పక్కపక్కనే కూర్చుని ప్రమాణస్వీకారానికి వెళ్ళేసరికి న్యూయార్క్ బ్యాంకులు మూతపడి ఉన్నాయి. ఆ నాలుగు నెలల ఖాళీని రాజ్యాంగ సవరణతో జనవరి 20కి కుదించారు.

బుష్ ఉత్తరం పక్కన హూవర్ ఉత్తరం పెట్టి చూస్తే ఒకటి కనిపించింది. హూవర్ అడిగాడు, బుష్ ఏమీ అడగలేదు. నా ఫలానా పథకం కొనసాగించండి అని లేదు, నా మనుషుల్ని చూసుకోండి అని లేదు. నా కేటీ డాక్యుమెంట్‌లో మాత్రం మొదటి పేజీలోనే 'ఈ ఆర్కిటెక్చర్ మార్చకపోవడం మంచిది' అని బోల్డ్‌లో ఉంది.

మన దగ్గర ఇలాంటివి లేవా అని వెతికితే నాకు తట్టింది పీవీ. 1996 మేలో పీవీ నరసింహారావు ఓడిపోయి దిగారు, వాజ్‌పేయి ఎక్కారు. అణుబాంబు సిద్ధంగా ఉందని అప్పుడు తనకి చెప్పింది పీవీయేనని, 2004 డిసెంబర్‌లో పీవీ పోయాక వాజ్‌పేయి బయటపెట్టారు. ఆ ప్రభుత్వం పదమూడు రోజులే నిలిచింది. మళ్ళీ వచ్చాక 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిపారు, దేశమంతా వాజ్‌పేయికి జేజేలు కొట్టింది. చెప్పినాయన పేరు ఎనిమిదేళ్లకు పైగా బయటికి రాలేదు. హైదరాబాద్‌లో చదువుకున్నన్నాళ్ళూ నెక్లెస్ రోడ్డులో పీవీ ఘాట్ పక్కనుంచే ఐస్‌క్రీమ్ తింటూ తిరిగాను. ఒక్కసారీ లోపలికెళ్ళలేదు.

మా వాడు కాల్ ముగించుకుని వచ్చాడు. "ఇంకొకటుంది అన్నా," అంటూ 4141 నంబరు రైలింజను చూపించాడు. ప్రెసిడెంట్ విమానం రంగులేసిన ఇంజను. 2018 డిసెంబర్‌లో బుష్ శవపేటికను హ్యూస్టన్ దగ్గర్నుంచి ఈ ఊరికి తెచ్చింది అదే. బుష్ పోయినప్పుడు క్లింటన్ ఆ ఉత్తరాన్ని గుర్తుచేసుకుంటూ పత్రికలో రాశాడు. ఆ ఇద్దరూ అప్పటికి స్నేహితులైపోయారు. 2004 సునామీ తర్వాత విరాళాల కోసం కలిసి తిరిగారు, 2005 ఫిబ్రవరిలో ఇండోనేషియా, శ్రీలంక, థాయ్‌లాండ్, మాల్దీవులు వెళ్ళొచ్చారు. మనవైపు రాలేదు. ఆ సునామీనాడు మా కొత్తపట్నం సముద్రం ఊరిమీదికి వస్తోందంటే నాన్న నన్ను బండి మీద ముందు కూర్చోబెట్టుకుని ఒంగోలు బైపాస్ దాకా ఆపకుండా తోలాడు. నాకప్పుడు ఏడేళ్లు. అమెరికాలో ఓడినాయనా గెలిచినాయనా ఒకే విమానంలో దానికోసం బయల్దేరారని ఇన్నేళ్లకి ఈ ఊళ్ళో తెలిసింది.

లంచ్‌కి బిర్యానీ అన్నాడు మా వాడు. కాలేజ్ స్టేషన్‌లో బిర్యానీ గురించి రాయకపోవడమే మర్యాద.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్ళీ మ్యాడిసన్‌విల్‌లో ఆగా. ఇప్పుడు ఆ రాయని విషయం. ప్రతి నెలాఖరు రాత్రి మా సిస్టంలో ఒక బ్యాచ్ జాబ్ నడుస్తుంది. ఆఖరి రోజు ఆదివారమైతే అది మధ్యలో ఆగిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. సోమవారం క్లయింట్ అరిచేదాకా ఎవరికీ తెలియదు. మూడేళ్లుగా అలాంటి ఆదివారాల్లో నేనే రాత్రి లేచి చేత్తో నడిపిస్తున్నా. డాక్యుమెంట్‌లో మర్చిపోయానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చా. మర్చిపోలేదు. ఆయన మొదటి ఆదివారం నెలాఖరుని తలచుకుని లోపల్లోపల సంతోషపడ్డా కూడా. నేను పీకేసిన డబ్ల్యూ కీ అది.

కారులో లైటు వేసుకుని ముందు ఆ జాబ్ సంగతి మొత్తం, కమాండ్లతో సహా, డాక్యుమెంట్‌లో చేర్చా. మొదటి పేజీలో బోల్డ్‌లో ఉన్న లైను తీసేశా. తర్వాత గ్లవ్ బాక్స్‌లో దొరికిన కాగితం మీద పెన్నుతో రాయడానికి కూర్చున్నా. నా చేతిరాత ఎంసెట్ తర్వాత ఎవరూ చూళ్ళేదు. మూడుసార్లు చించేశా. మొదటిదాంట్లో ఏడుపు కనిపించింది, రెండోదాంట్లో పెద్దరికం. ఆఖరికి మిగిలింది నాలుగు లైన్లు: టీం మంచిది, క్లయింట్ మేనేజరు అరుస్తాడుగానీ మంగళవారానికి మర్చిపోతాడు, ఆదివారం నెలాఖరు గురించి ముప్ఫై ఎనిమిదో పేజీ చూడండి, ఆల్ ది బెస్ట్.

శుక్రవారం వెళ్ళేముందు ఆయన కీబోర్డు కింద పెట్టొచ్చా. కవరు మీద పేరు రాసేముందు స్పెల్లింగ్ ఔట్‌లుక్‌లో రెండుసార్లు చూసుకున్నా.